కాంటాకు కట్టిన నూలుపోగు

కీర్తనా, పోయిన ఆదివారం ఫోన్లో నువ్వొక మాట అడిగావు. కొత్త ఉద్యోగంలో బ్యాటరీ బోర్డుకు ప్రోగ్రామ్ రాస్తున్నావట. మీ పై ఆయన "చివర్లో ఒక వాచ్‌డాగ్ టైమర్ పెట్టెయ్, అయిపోతుంది" అన్నాడట. "అది పెడితే చాలా అమ్మమ్మా?" అన్నావు. చాలదని చెప్పాను. నా గొంతు మొదటినుంచీ చిన్నది. పక్కన మీ తమ్ముడు విష్ణు టీవీ పెట్టాడు. నీకు వినపడలేదనుకుంటాను, "ఆ, సరే అమ్మమ్మా" అని వేరే మాటలోకి వెళ్ళిపోయావు.

చాలదు అన్నాను తల్లీ. ఎందుకు చాలదో చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అది ఫోన్లో అయ్యేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. విష్ణు కూడా చదవాలి, వాడూ వచ్చే ఏడు ఎలక్ట్రానిక్సే అంటున్నాడుగా.

సూరత్‌లో రంగుల మిల్లులకు కంట్రోల్ బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఎప్పుడు చేరాను, ఏ హోదాలో దిగాను అన్నవి మీకు పనికిరావు. పనికొచ్చేది ఒక చిప్పు, దాని చుట్టూ జరిగినవి.

ఏమీ తెలియని చిప్పు

రింగ్ రోడ్ మార్కెట్లలో మీరు చూసిన చీరల గుడ్డ చాలామటుకు పాండేసరా వైపు మిల్లుల్లో రంగు పడుతుంది. గుడ్డను ఇనుప డ్రమ్ములో వేసి, మూత బిగించి, ఆవిరితో నూట ముప్పై డిగ్రీల దాకా కాగబెడతారు. ఆవిరి ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆపాలో మా బోర్డు చూసుకునేది. ఆ బోర్డులో ప్రోగ్రామ్ నాది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఒక మిల్లులో మా బోర్డు బిగుసుకుపోయింది. పక్కన పెద్ద మోటారు స్టార్ట్ అయినప్పుడు కరెంటులో వచ్చే కుదుపుకు ప్రోగ్రామ్ ఎక్కడో చిక్కుకుని ఆగింది. ఆగిన క్షణానికి ఆవిరి వాల్వు తెరిచి ఉంది. తెరను చూస్తే నూట పన్నెండు. లోపల వేడి నూట పన్నెండు దాటి, నూట ముప్పై దాటి, ఎక్కడికో పోతోంది. చివరికి మూత మీది సేఫ్టీ వాల్వు కూత పెట్టింది. మనుషులు బయటికి పరుగెత్తారు. ఎవరికీ ఏమీ కాలేదు కానీ డ్రమ్ములో గుడ్డంతా ఒక్క ముద్దయింది.

మా యజమాని పేరు భూపత్‌భాయ్. తెల్ల లాల్చీ జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవర్ ఉండేది. అరుస్తాడేమోనని చూశాను. అరవలేదు.

"మణిబెన్, నీ ప్రోగ్రామ్ చచ్చిపోతే ఎవరికి తెలుస్తుంది?" అని అడిగాడు. అక్కడ ఆడవాళ్ళ పేరుకు అక్క అన్నట్టు బెన్ తగిలిస్తారు; నా పేరు రాజమణి అని ఎవరికీ గుర్తుండేది కాదు.

"నా ప్రోగ్రామ్‌లో తప్పు లేదు భాయ్. మోటారు వల్ల..."

"తప్పు ఉందా అని నేను అడగలేదు బెన్. చస్తే ఎవరికి తెలుస్తుంది అన్నాను."

వారం తర్వాత ముంబై నుంచి ఒక పొట్లం తెప్పించాడు. అందులో ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పు. అదే వాచ్‌డాగ్ టైమర్. భూపత్‌భాయ్ దాన్ని 'చౌకీదార్', అంటే కాపలావాడు, అనేవాడు.

దాని పని చాలా చిన్నది. లోపల ఒక గడియారం నడుస్తూ ఉంటుంది. మన ప్రోగ్రామ్ ఒకటిన్నర సెకనుకు ఒకసారైనా దాని కాలు తట్టి 'నేనున్నాను' అని చెప్పాలి. మేం దాన్ని హాజరు వేయడం అనేవాళ్ళం. హాజరు పడితే గడియారం మళ్ళీ మొదటికి వెళ్తుంది. పడకపోతే ఆ చిప్పు ఏమీ అడగదు, ఏమీ విచారించదు. కంప్యూటర్‌ను రీసెట్ చేసేస్తుంది. ప్రోగ్రామ్ మొదటి లైను నుంచి మళ్ళీ మొదలవుతుంది.

బిగించిన రోజు పరీక్షించడానికి కావాలనే ప్రోగ్రామ్‌ను ఒకచోట చిక్కుకుపోయేలా రాశాను. మీట నొక్కాను. తెర బిగుసుకుంది. మనసులో ఒకటి అనుకున్నాను. రెండు అనేలోపు తెర ఒక్కసారి ఆరి, వెలిగి, అంకెలు కదలడం మొదలైంది.

మళ్ళీ చంపాను. మళ్ళీ లేచింది. ఎన్నిసార్లు చేశానో లెక్కపెట్టలేదు. పక్కన పెట్టిన చాయ్ మీద మీగడ కట్టింది. భూపత్‌భాయ్ వచ్చి నా వెనక నిలబడి తనూ చూశాడు.

నన్ను అంతగా పట్టేసింది ఏమిటంటే, ఆ చిప్పుకు ఉష్ణోగ్రత తెలియదు. ఆవిరి తెలియదు. గుడ్డ తెలియదు. నేను ఎంత తెలివిగా రాశానో అస్సలు తెలియదు. నువ్వు బతికి ఉన్నావా లేదా అన్న ఒక్కటే దానికి కావాలి. ఇంత తక్కువ తెలిసిన వస్తువు ఇంత పెద్ద పని ఎలా చేస్తుందా అని ఆరోజు అనుకున్నాను. ఈరోజుకూ అనుకుంటున్నాను.

నాయిన సాంచా

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. మా నాయిన కరీంనగర్ వైపు నుంచి వచ్చి సూరత్‌లో పవర్‌లూమ్ నడిపినవాడు. మనవాళ్ళు దాన్ని సాంచా అంటారు. బడి అయ్యాక నేను నాయినకు అన్నం గిన్నె పట్టుకెళ్ళేదాన్ని.

సాంచాలో పేక నూలు, అంటే అడ్డపోగు, కండె అనే చిన్న గొట్టానికి చుట్టి ఉంటుంది. ఆ కండె నాడె అనే పడవలాంటి కర్రముక్కలో కూర్చుని నిలువుపోగుల పడుగు మధ్య అటూ ఇటూ దూకుతుంది. ఒక పక్కన చిన్న ఇనుప ఫోర్కు ఉంటుంది. నాయిన దాన్ని కాంటా అనేవాడు. పేక పోగు వచ్చినప్పుడల్లా ఆ పోగు కాంటాను తాకి కాస్త ఎత్తుతుంది. నూలు తెగినా, కండె అయిపోయినా ఎత్తేది ఏమీ ఉండదు. కాంటా కిందే ఉండిపోయి కొక్కేనికి తగులుకుంటుంది. సాంచా ఆగిపోతుంది. వాచ్‌డాగ్ కూడా ఇదే పని చేస్తుంది కదా అని మీకు తోచే ఉంటుంది. నాకు తోచడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నాకు పదేళ్ళప్పుడు ఒకరోజు గిన్నెతో వెళ్ళేసరికి కాంటాకు ఒక నూలుపోగు కట్టి ఉంది.

"నాయినా, గిదేంది?"

"ఏం లేదు బిడ్డా. నూలు మంచిగనే ఉన్నా ఊకె ఊకె ఆగుతున్నది. జర సేపు కట్టేసిన."

నాయిన అటు తిరిగి అన్నం తింటున్నాడు. నేను సాంచా చూస్తూ నిలబడ్డాను. కండె అయిపోయింది. నాడె ఒట్టిగా దూకుతోంది. కాంటా లేచే ఉంది, ఎందుకంటే దాన్ని పట్టుకున్నది కట్టిన పోగు. చప్పుడు ఏమీ మారలేదు. అదే లయ, అదే ఊపు. కానీ గుడ్డ రావడం లేదు. బారెడు పొడుగున ఉత్త పడుగు దారాలు, జుట్టులాగా.

నేను చెప్పేసరికి నాయిన చెయ్యి కడుక్కోకుండానే వచ్చి ఆపాడు. చాకుతో ఆ పోగు తెంపాడు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"కాంటాకు మనం అబద్దం జెప్పినం బిడ్డా. గది నమ్మింది," అన్నాడు.

నేను చేసింది

వాచ్‌డాగ్ పెట్టిన రెండేళ్ళకు ఒక మిల్లు నుంచి ఫిర్యాదు వచ్చింది. రంగు వేస్తుండగా మధ్యలో బోర్డు తనంతట తాను రీసెట్ అవుతోందట. వెళ్ళి చూశాను. వాళ్ళు కొత్తగా చీటీ కొట్టే చిన్న ప్రింటర్ పెట్టించుకున్నారు. ఆ చీటీ అచ్చయ్యేసరికి రెండు సెకన్లు దాటుతోంది. ఆ లోపల నా ప్రోగ్రామ్ హాజరు వేయలేకపోతోంది. చౌకీదార్ తన పని తాను చేస్తోంది.

సరైన దారి ఏమిటంటే, చీటీ కొట్టే పనిని ముక్కలు చేసి మధ్యమధ్యలో మిగతా పనులు చూసుకునేలా మళ్ళీ రాయడం. దానికి నాలుగు రోజులు పడుతుంది. మిల్లు మేనేజరు నా తల మీద నిలబడి ఉన్నాడు.

కంప్యూటర్ చిప్పులో ఒక ఏర్పాటు ఉంటుంది, మీకు తెలిసిందే, టైమర్ ఇంటరప్ట్. పెద్ద ప్రోగ్రామ్ ఏం చేస్తున్నా సరే, క్షణక్షణానికీ దాన్ని కాస్త పక్కన పెట్టి ఒక చిన్న పని చేసి వస్తుంది. మా బోర్డులో తెర మీద అంకెలు వెలిగించే పని అందులో ఉండేది. హాజరు వేసే లైను కోసి తీసుకెళ్ళి అక్కడ పెట్టాను. ఒక్క లైను. రీసెట్లు ఆగిపోయాయి. మేనేజరు చాయ్ తెప్పించాడు.

పెద్ద ప్రోగ్రామ్ ఎక్కడ చిక్కుకుపోయినా ఆ చిన్న పని మాత్రం నడుస్తూనే ఉంటుంది. హాజరు పడుతూనే ఉంటుంది. అంకెలు వెలుగుతూనే ఉంటాయి, పాత అంకెలు. అంటే చనిపోయినవాడి హాజరు పక్కవాడు వేస్తున్నట్టు. ఇది నాకు తెలుసు. తెలియక చేసిన తప్పని మీకు అబద్ధం చెప్పను. తర్వాత తీరిగ్గా సరిచేద్దామనుకున్నాను. తర్వాత అన్నది రాలేదు. 'మణిబెన్ బోర్డు ఎప్పుడూ రీసెట్ కాదు' అని పేరు వచ్చింది. పేరు వచ్చాక దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు.

నాయిన పోగు తెంపి కూర్చోవడం నా కళ్ళతో చూశాను. ఆ లైను కోసి అతికించిన రోజు నాకు నాయిన గుర్తే రాలేదు.

భూపత్‌భాయ్‌కి చెప్పలేదు. కరోనా మొదటి విడతలో ఆయన పోయారు. చెప్పడానికి మనిషి లేకుండా పోయారు.

వడోద్ హాలు

రెండో విడత వచ్చేనాటికి నేను పని మానేసి ఐదేళ్ళు దాటింది. ఎక్కడా మంచం దొరకని రోజులవి. వడోద్‌లో మన సాంచాల వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకునే హాలు ఒకటుంది. దాన్ని ఇరవై మంచాల ఆసుపత్రిగా మార్చారు. వెనక రేకుల షెడ్డులో ఆక్సిజన్ సిలిండర్లు రెండు వరసలు. ఒక వరస అయిపోతుంటే రెండో వరస నల్లా తిప్పాలి. అక్కడి నుంచి గోడలో పైపు, పైపు నుంచి మంచాలకు.

ఒకరోజు పొద్దున హీరల్ ఫోన్ చేసింది. హీరల్ భూపత్‌భాయ్ కోడలు, ఇప్పుడు కంపెనీ తనే చూస్తోంది. నన్ను మాసీ, అంటే పిన్ని, అంటుంది.

"మాసీ, మీకో మంచి మాట! మీ పాత బోర్డు వడోద్ ఆసుపత్రిలో పెట్టాం. వేడి చూసే సెన్సర్‌కు బదులు ఆక్సిజన్ ప్రెషర్ సెన్సర్. ప్రెషర్ చూపిస్తుంది, తగ్గితే గంట కొడుతుంది."

"ప్రోగ్రామ్ ఏది వేశావమ్మా?"

"మీదే! అంకెల కొలత, గంట తప్ప ఒక్క లైనూ మార్చలేదు. ఎప్పుడూ రీసెట్ కాని బోర్డు ఇదొక్కటేనని మామయ్య అనేవారుగా."

వెంటనే హాలుకు ఫోన్ చేస్తే ఎంతసేపటికీ బిజీ. మూతికి రెండు మాస్కులు కట్టుకుని, ఎవరు వద్దన్నా వినకుండా, ఆటో ఎక్కాను.

హాల్లో నర్సు సునీత బల్ల పక్కన గోడకు ఆ పెట్టె ఉంది. ఎర్ర అంకెలు: నాలుగు పాయింట్ రెండు. పచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది.

"మంచిగ పనిజేస్తున్నదా అమ్మా?" అని అడిగాను.

"మస్తు మంచిగ మేడం. పొద్దున్నుంచి నాలుగు పాయింట్ రెండే. ఒక్కసారి గూడ కదలలే."

"ఒక్కసారి గూడ?"

"ఒక్కసారి గూడ."

పైపులో గాలి ఎప్పుడూ అలా నిలబడదు తల్లీ. ఇరవై మంది పీలుస్తుంటే ఆఖరి అంకె వణుకుతూనే ఉండాలి. మూల మంచం వైపు చూశాను. గోడకున్న గాజు గొట్టంలో ఎంత ఆక్సిజన్ పోతోందో చూపించే చిన్న గుండు, కిందికి జారి ఉంది.

"గా గుండు దిగిందేంది సునీతా?"

"పైపు మడతబడ్డదేమో అని ఇప్పుడే సవరించిన మేడం."

వెనక షెడ్డుకు పరుగెత్తాను. పరుగెత్తడం అంటే నా వయసుకు ఎంతో అంత. సిలిండర్ల దగ్గర మల్లేశం బావ ఉన్నాడు. వరుసకు బావ, నా ఈడువాడే, నలభై ఏళ్ళు సాంచా నడిపినవాడు. సాంచాల షెడ్లు మూతబడితే ఇక్కడ పనికి కూర్చున్నాడు.

"ఏందే మణీ! సావుకు ఎదురొచ్చినవా? ఇంట్ల కూసుండరాదు?"

"బావా, ముల్లు ఎంత సూపిస్తున్నది?"

"ఏమంటున్నవ్? జర గట్టిగ మాట్లాడు. మామూలుకే నీ మాట ఇనరాదు, పైకెల్లి రెండు గుడ్డలు!"

మాస్కు కిందికి లాగాను. "ముల్లు ఎంత ఉన్నది?"

సిలిండర్ల నుంచి పోయే పైపు మీద గడియారంలాంటి గేజు ఉంది, పెట్టె చూపే ప్రెషరే అదీ చూపాలి. దాని ముల్లు మూడుకు కింద ఉంది. చూస్తుండగానే దిగుతోంది.

"గది కరాబైంది," అన్నాడు బావ. "లోపట మీ డబ్బ నాలుగు పాయింట్ రెండు అంటున్నది. గంట గూడ మోగలె. గంట మోగితె గదా నేను మార్చేది."

"డబ్బ సచ్చిపోయింది బావా. ముల్లే నిజం. మార్చు."

ఒక్క క్షణం నా ముఖం చూశాడు. రెండో వరస నల్లా తిప్పాడు. బుస్సుమని చప్పుడు. ముల్లు లేచింది. మూడు, మూడున్నర, నాలుగు. లోపలి నుంచి సునీత అరిచింది, "మేడం, గుండు లేస్తున్నది!"

ఆ వరసలో ఆక్సిజన్ ఇంకెంతసేపు వచ్చేదో నాకు తెలియదు. లెక్క వేయగలను. వేయలేదు.

తిరిగి లోపలికి వచ్చి పెట్టెకు కరెంటు ఆపి మళ్ళీ వేశాను. అంకెలు వచ్చాయి. నాలుగు పాయింట్ రెండు. పాత అంకే! కానీ ఇప్పుడు ఆఖరి అంకె కదులుతోంది. రెండు, ఒకటి, రెండు, మూడు, రెండు. మంచాల మీది వాళ్ళ ఊపిరి ఆ అంకెలో కనపడుతోంది. ఇందాకటిదీ నాలుగు పాయింట్ రెండే. చచ్చినదానికీ బతికినదానికీ తేడా ఆ వణుకులో ఉంది. ముప్పై ఏళ్ళు అంకెలు చూసినదాన్ని, ఆరోజు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

తెంపుడు

బయటికి వచ్చి బావకు, సునీతకు చెప్పాను. తప్పు నాదని, ఎప్పుడో చేశానని. ఇంటరప్టు, రీసెట్టు అని చెప్పబోతే వాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. అప్పుడు నా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"బావా, నేను కాంటాకు నూలు కట్టిన."

బావకు ఇంకొక్క మాట అక్కర్లేకపోయింది.

"అందరం కట్టినోల్లమేనే. ఇప్పుడు తెంపుడెట్లనో జెప్పు."

హీరల్‌కు ఫోన్ చేసి అదే చెప్పాను. "మామయ్యకు తెలుసా?" అంది. తెలియదన్నాను. "సరే మాసీ. నేను పాత కంప్యూటర్ తీసి పెడతాను, రండి," అంది. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనకపోవడం నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

కొత్త ప్రోగ్రామ్ రాసి చిప్పులో వేసేసరికి మర్నాడు మధ్యాహ్నం అవుతుంది. అప్పటిదాకా పెట్టెను నమ్మడానికి లేదు. మనుషులే ముల్లు చూడాలి. మరి చూసేవాడు అలసి కన్ను మూస్తే ఎవరికి తెలుస్తుంది? భూపత్‌భాయ్ అడిగిన ప్రశ్నే. అదే మాట బావను అడిగాను.

బావ ఇంటికి మనిషిని పంపి ఒక బుట్టెడు ఖాళీ కండెలు తెప్పించాడు. షెడ్డు కిటికీ మీద రెండు చేటలు పెట్టాడు. లోపల ముల్లు దగ్గర కూర్చున్నవాడు పది నిమిషాలకొకసారి ముల్లు చూసి, ఒక కండె తీసి ఈ చేటలో నుంచి ఆ చేటలో వేయాలి. కిటికీ బయట నీడలో ఇంకొకడు గడియారం పెట్టుకుని కూర్చోవాలి. పది నిమిషాలకు కండె కదలకపోతే ఇనుప పలక కొట్టాలి. కొడితే సునీత పరుగెత్తుకొచ్చి ముల్లు తనే చూస్తుంది.

నేను ఏమీ చెప్పలేదు పిల్లలూ. నాకు పుస్తకాలు, ముంబై పొట్లం, ఒక మిల్లు గుడ్డ ముద్ద కావడం పట్టింది ఆ సంగతి అర్థం కావడానికి. బావకు ఒక చాయ్ తాగేంత సేపు పట్టింది. బయట కూర్చున్నవాడికి ఆక్సిజన్ గురించి ఏమీ తెలియనక్కర్లేదు. కండె కదిలిందా లేదా, అంతే. నా ఎనిమిది కాళ్ళ చిప్పు నిజంగా పంచె కట్టుకుని నీడలో కూర్చున్నట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున కంపెనీకి వెళ్తూ హాలు దగ్గర ఆగాను. బావ అప్పుడే చాయ్ తెస్తున్నాడు. కిటికీ బయట పోశెట్టి అనే పెద్దమనిషి వంతు. లోపల ముల్లు దగ్గర మనిషి గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. పోశెట్టి కిటికీలో నుంచి చెయ్యి పెట్టి, నెమ్మదిగా, చప్పుడు కాకుండా, ఒక కండె తీసి అవతలి చేటలో వేశాడు.

బావ చూశాడు. చాయ్ కింద పెట్టేసి ముందు లోపలికి ఉరికి ముల్లు చూశాడు. బాగానే ఉంది. అప్పుడు బయటికి వచ్చాడు.

"ఏం జేస్తున్నవ్ పోశెట్టీ?"

"పాపం, పానం అలిసి కన్ను మలిగిందిరా. పలక కొట్టి లేపుడెందుకని నేనే జరిపిన."

"నువ్వు జరిపితివి. ముల్లు ఎవ్వడు సూసిండు?"

పోశెట్టి కిటికీలో నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కండె జరుపుడు పని గాదుర. ముల్లు సూసుడు పని. సూసినోడే జరపాలె. ఇంకో చెయ్యి పడొద్దు."

చదువుకున్నవాళ్ళు వాచ్‌డాగ్ గురించి రాసిన పుటలెన్నో చదివాను. ఇంత పొట్టిగా, ఇంత పూర్తిగా ఎవరూ చెప్పలేదు. నా సంచిలో నుంచి నోటుపుస్తకం తీసి అక్కడే నిలబడి రాసుకున్నాను. పోశెట్టిని తప్పుపట్టలేకపోయాను. ఆయన దయతో చేశాడు. నేను తొందరతో, తర్వాత పేరు కోసం చేశాను. కాంటాకు మాత్రం రెండూ ఒకటే.

బావ ఆరోజే ఇంకో మార్పు చేశాడు. షెడ్డులో మనిషిది ఒక కండె. హాల్లో గుండ్లు చూసే సునీతది ఇంకొకటి, ఎర్ర నూలు చుట్టినది. రెండూ వచ్చి చేటలో పడితేనే హాజరు. ఒక్కటి పడితే లెక్క కాదు.

కంపెనీలో భూపత్‌భాయ్ కుర్చీ ఖాళీగా ఉంది. హీరల్, నేను మాస్కులు కట్టుకుని, బల్లకు ఆ చివరా ఈ చివరా కూర్చున్నాం. ముందు ఆ లైను తీసేశాను. తీయడానికి ఒక్క మీట చాలింది. ఇన్నేళ్ళు ఎత్తలేకపోయినది అంత తేలిగ్గా పోయింది. తర్వాత బావ చెప్పినట్టే రాశాను. సెన్సర్ చదివే పని పూర్తయితే అది తన కండె వేస్తుంది. అంకె మార్చే పని తన కండె. గంట మోగించాలా వద్దా అని తేల్చే పని తన కండె. మూడూ చేటలో ఉన్నాయా అని చూసి, ఉంటేనే హాజరు, ఆ వెంటనే చేట ఖాళీ. ఎవరి కండె వాళ్ళే వేయాలి.

"మాసీ, కండె అంటే ఏమిటి?" అని అడిగింది హీరల్, తెర మీద ఆ పేరు చూసి. చెప్పాను. పేరు మార్చలేదు, అలాగే ఉంచింది.

ఇంకొకటి కూడా కలిపాం. బోర్డు ఎన్నిసార్లు చచ్చి లేచిందో అది లెక్కపెట్టుకుని దాచుకోవాలి. పక్కనున్న మీట నొక్కితే చూపించాలి. చౌకీదార్ లేపాడని సంతోషించి ఊరుకోకూడదు, ఎందుకు పడిపోయిందో వెతకాలి. వెతకాలంటే ముందు తెలియాలి.

మధ్యాహ్నం చిప్పు పట్టుకుని వడోద్ వెళ్ళాం. బిగించి, అందరి ముందూ సెన్సర్ తీగ పీకాను. బోర్డు బిగుసుకుంది. పాత పెట్టె అయితే నాలుగు పాయింట్ రెండు అని నవ్వుతూ ఉండేది. ఇది ఒక్క రెప్పపాటు ఆరి, వెలిగి, సెన్సర్ లేదని గుర్తించి గంట మోత మొదలుపెట్టింది. సునీత చెవులు మూసుకుంది.

"ఇగో, ఇప్పుడు కాంటా లెక్కున్నది," అన్నాడు బావ.

ఆ పరీక్షల లెక్క తుడిచేసి, సున్నా పెట్టి, గోడకు తగిలించాం. కండెలు మాత్రం ఆపలేదు. ఆపమని నేనూ చెప్పలేదు, బావా ఒప్పుకునేవాడు కాదు.

నాలుగు

ఆ విడత తగ్గాక హాలు మళ్ళీ హాలైంది. మంచాలు తీసేసిన రోజు బావ పెట్టె విప్పుతూ నాకు కబురు పంపాడు. వెళ్ళేసరికి మీట నొక్కి పట్టుకుని చూస్తున్నాడు.

"గీ నాలుగు ఏందే మణీ? ప్రెషర్ గాదు గదా, పైపులు పీకేస్తిమి."

చూశాను. నాలుగు.

అంటే మేం వెళ్ళిపోయాక ఆ పెట్టె నాలుగుసార్లు చచ్చిపోయింది. ఏ కూలరు మోటారు కుదుపుకో, ఏ కరెంటు పోయి వచ్చినప్పుడో. నాలుగుసార్లూ ఏదో ఒక కండె రాలేదు. నాలుగుసార్లూ ఆ ఏమీ తెలియని చిప్పు ఒకటిన్నర సెకను చూసి, లేపి నిలబెట్టింది. మంచం మీది మనిషి ఒక్క ఊపిరి తీసి వదిలేలోపు. సునీతకు తెలియదు. బావకు తెలియదు. పడుకున్నవాళ్ళకు అసలు తెలియదు. వాళ్ళలో కొందరిని ఇప్పుడు సంతలో కూరగాయలు బేరం చేస్తూ చూస్తుంటాను. దగ్గరికి వెళ్ళి ఏం చెప్పాలో తెలియక నమస్కారం పెట్టి వచ్చేస్తాను.

బావకు ఆ నాలుగు అంటే ఏమిటో చెప్పాను. ఈసారి నా గొంతు వినపడలేదని అనలేదు. పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత బుట్టలో నుంచి నాలుగు కండెలు ఏరి, చొక్కాతో తుడిచి, ఒక్కొక్కటే దాని మీద పేర్చాడు.

ఆ నాలుగూ నా దగ్గరున్నాయి. కీర్తనా, రేపు ఆఫీసుకు వెళ్ళగానే మీ బోర్డులో హాజరు వేసే లైను ఎక్కడుందో వెతుకు. ఇంటరప్ట్‌లో ఉంటే ఎవరు పెట్టారని అడగకు, తీసెయ్, పనులన్నీ అయ్యాకే హాజరు పడేలా రాయి. ఈ కాగితాలతో పాటు ఒక కండె పంపుతున్నాను. బల్ల మీద పెట్టుకో. విష్ణూ, ఇంకొకటి నీది, బోర్డు ముందు కూర్చున్న రోజు ఇస్తాను.

ఎవరైనా ఇదేమిటని అడిగితే ఏం చెప్తారో మీ ఇష్టం. మీరు మాత్రం ముల్లు చూశాకే జరపండి.